కొసరు టబ్బు

ట్రాక్టరు ట్రక్కులో టబ్బు బోర్లా పడుకుని వచ్చింది. కాలవ కింద సేద్యానికి ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఆ క్యాంపు మొదట, వంతెన దాటినప్పటి నుంచి పిల్లలు దాని వెనకే పరుగెత్తుకొచ్చారు. ఇంటి ముందు ఆగేసరికి పక్కిళ్ల ఆడవాళ్లు కూడా తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. రమేష్‌బాబు డ్రైవరు పక్క నుంచి దూకి, ఎవరూ లాగొద్దని, గీత పడితే పోతుందని చెబుతూ తనే ఒక కొస పట్టుకున్నాడు.

అతని భార్య వాణి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. పాప భుజం మీద ఉంది. పాలు తాగింది గానీ ఇంకా త్రేన్చలేదు. దాని వీపు తడుతూనే ట్రక్కులోంచి దిగుతున్న సామానంతా ఒక్కొక్కటే చూసుకుంది. తెల్ల కమోడ్. స్తంభం మీద నిలబెట్టే వాష్ బేసిన్. ఒక మూల పెచ్చు లేచిన అద్దం. అట్టపెట్టెల్లో రకరకాల టైల్స్. లోపల గడియ ఉన్న ప్లాస్టిక్ తలుపు. ఆ తలుపును చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ రేకు అడ్డం పెట్టుకుని, అది పడిపోకుండా లోపల నుంచి బక్కెట్టు ఆనించి స్నానం చేసేది. అన్నిటికంటే చివర టబ్బు దిగింది. నలుగురు మగవాళ్లు పట్టారు. వెల్లకిలా తిప్పి పెడితే వాకిట్లో అడ్డంగా నిండిపోయింది. వాణి దాని పొడుగు చూసి, తల తిప్పి పెరటి వైపు బాత్‌రూము గోడ చూసింది.

సింధనూరులో ఒక పాత లాడ్జి పడగొట్టి కొత్తది కడుతున్నారు. దాని సామానంతా పాతసామాన్ల గుజరీ దుకాణం అతను కొని, పాతవి కావలసిన వాళ్లకు విడిగా అమ్ముతున్నాడు. రమేష్‌బాబు పొద్దున వెళ్లినవాడు మధ్యాహ్నం దాకా బేరమాడాడట. దుకాణం అతను విసిగిపోయి, ఇంక రూపాయి తగ్గించను గానీ ఆ మూల పడున్న టబ్బు కొసరుగా పట్టుకుపొమ్మన్నాడట. కూరల్లో కొసరంటే కరివేపాకు వేస్తారు, మీవాడికి టబ్బు వేశారు అని ఎవరో అంటే అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది రమేష్‌బాబు తండ్రి శేషయ్య. పంచె ఎగ్గట్టి టబ్బులోకి దిగాడు. వెనక్కి వాలి, రెండు చేతులూ అంచుల మీద వేసి, కాళ్లు బారచాపి పడుకున్నాడు.

"ఇట్టా పడుకుంటే నిద్ర కూడా పట్టుద్దిరా" అన్నాడు. "ఈ చుట్టుపక్కల ఏ క్యాంపులో ఉంది ఇట్టాంటిది? తుర్విహాళ ఊరు మొత్తం తిరిగినా కనపడదు."

ఎదురింటి హరిబాబు, కాలవకే నీళ్లు లేకపోతే దీనికెక్కడి నుంచి తెస్తావు బాబాయ్ అన్నాడు. శేషయ్య విననట్టే టబ్బు అంచును అరచేత్తో నిమిరాడు.

నీళ్లు లేకపోబట్టే ఈ పని మొదలైంది. ఈ ఏడు రెండో పంటకు కాలవ వదల్లేదు. పొలాలు కొయ్యకాళ్లతో ఎండుతున్నాయి. మగవాళ్లకు తీరిక దొరికింది, చేతిలో డబ్బు మాత్రం ఆడటం లేదు. ఆ చలిరోజుల్లోనే పాపకు జబ్బు చేసింది. పాత బాత్‌రూములో గచ్చు పెచ్చులూడి, నీళ్లు నిలిచి, పాకుడు పట్టి కూర్చోవడానికి లేక, వాణి పెరట్లో బట్టలుతికే బండ పక్కన కూర్చుని పాపకు నీళ్లు పోసేది. గాలికి దగ్గు పట్టి, పాప డొక్కలు ఎగరేసి, సింధనూరు ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టి ఉంచాల్సి వచ్చింది. ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ, నాలుగు గోడల మధ్య, గాలి తగలకుండా నీళ్లు పొయ్యండి అని చెప్పింది. ఆ మాట విని, బాత్‌రూము బాగుచేయిద్దాం అన్నది శేషయ్యే. మనవరాలి కోసం అని నలుగురికీ చెప్పుకున్నాడు కూడా. దొరికినంతలో, పాత సామాన్లతో, మేస్త్రీ కూలితో అయిపోవాలని అనుకున్నారు.

ఆ పూట అన్నాలు పెడుతూ వాణి మొగుణ్ణి అడిగింది, అంత టబ్బు లోపల పెడితే పాపకు నీళ్లు ఎక్కడ పొయ్యాలని. అతను ముద్ద కలుపుతూ, టబ్బులోనే పోద్దువు, దొరల పిల్లలు అందులో కాక ఎక్కడ చేస్తారు అన్నాడు. అత్త రాజ్యలక్ష్మి మజ్జిగ వంచుకుంటూ, ఊరికే వచ్చినదాన్ని బయట పారేస్తామా అంది. ఆవిడకు మోకాళ్లు వంగవు. ఆవిడకు కావలసింది కమోడ్, అది వచ్చింది. శేషయ్యకు టబ్బు వచ్చింది. రమేష్‌బాబుకు బేరం గెలిచిన సంతోషం ఇంకా మొహంలోంచి పోలేదు. వాణి ఖాళీ అయిన కూరగిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు మేస్త్రీ యంకప్ప పనిలోకి వచ్చాడు. తుర్విహాళ మనిషి. అతని పెళ్లాం హులిగెమ్మే అతనికి కూలీ. ఇద్దరూ తెలుగే మాట్లాడతారు గానీ ఇక్కడి తెలుగు, మధ్యలో కన్నడం కలుస్తుంది. క్యాంపు పిల్లలు వాళ్ల మాటను వెక్కిరిస్తారు, వాళ్లు క్యాంపు మాటను వెక్కిరిస్తారు. యంకప్ప పాత గచ్చు పగలగొట్టాడు. హులిగెమ్మ పెచ్చులన్నీ తట్టలోకి ఎత్తి పశువుల పాక వెనక గుంటలో పోసింది. నేల మట్టం చేశాక యంకప్ప టేపు పెట్టి కొలిచి, ఇటుక ముక్కతో గోడల మీద గీతలు గీశాడు. ఈ మూల కమోడ్. తలుపు పక్కన బేసిన్. ఈ పొడుగు గోడంతా టబ్బు. గీసి, వెనక్కి జరిగి, బీడీ చెవి మీద నుంచి తీసి మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.

"ధణీ, గింత జాగల మూడూ పడ్తయి. మరి మనిషి ఏడ నిలబడాలె?" అన్నాడు శేషయ్యతో.

నిలబడటమెందుకు, పడుకోవడమే కదా అన్నాడు శేషయ్య. యంకప్ప కూడా నవ్వాడు.

టైల్స్ పెట్టెలు విప్పే పని వాణిది. ఒక పెట్టెలో గులాబీ పూలు, ఒకదాంట్లో నీలం చేపలు, ఒకదాంట్లో ఏ బొమ్మా లేని బూడిదరంగు, ఇంకోదాంట్లో ఎర్రమట్టి రంగువి. దుకాణాల్లో మిగిలిపోయినవి, ఏదీ ఒక గోడకు సరిపడా లేదు. రమేష్‌బాబు పూలవి నేలకు వేస్తే అందంగా ఉంటుందని చెప్పి బయటికి వెళ్లాడు. వాణి వాటిని వాకిట్లో వరసగా పరిచి, ఒక్కోదాని మీద చెంబుతో నీళ్లు చల్లి, చెప్పులు విడిచి, మడమతో రుద్ది చూసింది. పూలవి జారాయి. చేపలవి ఇంకా జారాయి. బూడిదరంగు కాలిని పట్టుకుంది. ఎర్రవి కూడా పట్టుకున్నాయి, ఎవరిదో మెట్లకు వేసినవట. సబ్బునీళ్లు పోసి మళ్లీ రుద్దింది. జారేవి ఒక పక్కా, పట్టేవి ఒక పక్కా పేర్చి, ఇవి నేలకి, అవి గోడలకి అని యంకప్పకు చెప్పింది. రంగులు కలవవని అతను అన్నాడు. కలవకపోయినా ఫర్వాలేదు అంది వాణి. సరేనక్కా, నీ ఇంట్ల నీ ఇష్టం అని అతను పెట్టెలు మోసుకుపోయాడు. ఆ మాట ఎందుకో వాణి చెవిలో కొంచెంసేపు ఉండిపోయింది.

బాత్‌రూము పనిలో ఉంది కాబట్టి పాపకు వెనక వసారాలో, టార్పాలిన్ పట్టా కట్టి నీళ్లు పోస్తోంది. పొయ్యి మీద వేన్నీళ్ల కాగు దించి కుడిపక్క పెట్టుకుంది. పీట వాల్చుకుని కూర్చుని, చీర మోకాళ్ల దాకా లాక్కుని, కాళ్లు రెండూ దగ్గరగా చేర్చి ముందుకు చాపింది. పాపను వాటి మీద బోర్లా వేసుకుంది. తొలి మూడు నెలలూ కవితాళ దగ్గర పుట్టింటి క్యాంపులో ఉన్నప్పుడు, నీళ్లు పోసే ముసలమ్మ వచ్చేది. చూసి చూసి వాణి నేర్చుకుంది. పాప పొట్ట తన మోకాళ్లకు దిగువన కాళ్ల మీద వెచ్చగా ఆనితే చాలు, పాప అందులో ఒదిగిపోతుంది, ఎటూ జారదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఒక చేత్తో సున్నిపిండి, ఒక చేత్తో చెంబు. వీపు రుద్ది, తిప్పి వెల్లకిలా వేసుకుని, ముక్కు నొక్కి, మాడు మీద నూనె అద్ది, నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి తల మీద పోస్తుంది. పాప ఏడవదు. కాళ్లు మాత్రం తంతుంది. పట్టా కింద నుంచి గాలి కొడుతుంటే వాణి గబగబా పోసింది. పాప ఒకసారి తుమ్మింది. ఒక్క తుమ్ముకే వాణి చేతులు ఆగిపోయాయి. పాప ఛాతీ మీద చెవి పెట్టి విన్నది. గురగుర లేదు. అయినా మళ్లీ విన్నది.

ఇసుక జల్లించుకుంటూ హులిగెమ్మ ఇదంతా చూసింది. కాసేపటికి జల్లెడ ఆపి, పాప వైపు గడ్డం ఎత్తి అడిగింది.

"అక్కా, కొత్తది అయినంక కూసుకి నీళ్లు ఏడ పోస్తవ్?"

టబ్బులో పొయ్యమంటున్నారు అని వాణి చెప్పింది. హులిగెమ్మ వాకిట్లో టబ్బు వైపు చూసింది, వాణి కాళ్ల వైపు చూసింది, మళ్లీ జల్లెడ పట్టింది.

సాయంత్రం రమేష్‌బాబు వచ్చాక, అసలు ఒకసారి చూస్తే గానీ తెలియదు, పోసి చూడు అన్నాడు. టబ్బులో బక్కెట్టు గోరువెచ్చని నీళ్లు పోశాడు. వాణి మోకాళ్ల మీద కూర్చుని వంగి, ఎడమచెయ్యి మీద పాప తల పెట్టుకుని లోపలికి దించింది. టబ్బు అంచు పొట్టకు కొట్టుకుంది. చెయ్యి కిందికి పూర్తిగా అందలేదు. నూనె ఒంటి పిల్ల చేపలాగా చేతిలోంచి తిరిగింది. వాణి గభాల్న ఒడిసి పట్టుకుంది గానీ పాప నోట్లోకి నీళ్లు పోయాయి. దగ్గి, ఎర్రబడి, తర్వాత ఏడ్చింది. రమేష్‌బాబు అట్టా కాదు, లోపలే కూర్చుని కాళ్లు చాపుకో, నీకు కావలసింది అదేగా అన్నాడు. అది కూడా చూసింది. కూర్చోవడానికి కూర్చుంది. కింద చేరిన నీళ్లలోనే తనూ, సున్నిపిండీ, పాప ఒంటి జిడ్డూ అన్నీ కలిసి నిలిచాయి. అదైనా సర్దుకునేదే. లేవబోయినప్పుడు తెలిసింది. రెండు చేతుల్లోనూ తడి పిల్ల ఉంటే, అంచు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. మోచేత్తో ఊతం తీసుకుని సగం లేచి, కాలు జారి, మోకాలు ఠంగుమని కొట్టుకుంది. పాపను మాత్రం పైకెత్తి పట్టుకుంది. తట్ట పడేసి వచ్చిన హులిగెమ్మ పాపను అందుకుంది.

"నాలుగు రోజులు పోతే అలవాటవుద్దిలే" అన్నాడు రమేష్‌బాబు. "పట్టుకోవడం తెలియాలి అంతే."

వాణికి అప్పుడు మోకాలి నొప్పి తెలియలేదు. పాపను తుడిచి, సాంబ్రాణి పొగ చూపించి, పడుకోబెట్టి, పక్కనే కూర్చుని ఊపిరి చూస్తూ ఉండిపోయింది. ముక్కులు ఎగరేస్తే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. మెడ కింద గుంట పడుతుంది. ఆ గుంట కోసం చూసింది. లేదు. రోజూ ఒకసారి ఆ టబ్బులోకి దింపి, ఒకసారి లేవాలి. పాప నడిచేదాకా ఎన్నిసార్లో. ఒక్కసారి చెయ్యి తప్పితే చాలు. అత్తకు మళ్లీ చెప్పి చూసింది. అత్త అమృతాంజనం మోకాళ్లకు రుద్దుకుంటూ, మీ మావయ్య ఊరంతా చెప్పుకున్నాడు, ఇప్పుడు కాదంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు, ఏదో ఒకటి సర్దుకుపోవాలమ్మాయ్ అంది.

మర్నాడు గోడల టైల్స్ సగం అయ్యాక, యంకప్ప టబ్బు కింద అరుగు కట్టడం మొదలుపెట్టాడు. రమేష్‌బాబు పైపుల కోసం సింధనూరు వెళ్లాడు. కొత్త తలుపుకు సరిపడా ముందు గోడ పగలగొట్టి వెడల్పు చేశారు కాబట్టి బాత్‌రూము లోపలంతా పెరట్లోకి కనిపిస్తోంది. శేషయ్య పాక నీడలో కుర్చీ వేసుకుని పని చూస్తున్నాడు. ఒక వరస ఇటుకలు పరిచి యంకప్ప రెండో వరసకు సిమెంటు వేస్తున్నాడు. తాపీ అంచుతో మిగులు సిమెంటు గీకి మళ్లీ తట్టలో కొడుతున్నాడు. వాణి టీ గ్లాసులు అక్కడ పెట్టి, ఇది ఎప్పటికి ఆరుతుందని అడిగింది.

"మాపటికి బిగుసుకుంటదక్కా. రేపు దీనిమీద టబ్బు గూసుంటది. మళ్ల తియ్యాలంటే గడ్డపారనే."

వాణి అక్కడే నిలబడింది. చెప్పాల్సింది మొగుడికి చెప్పింది. అత్తకు చెప్పింది. మామగారితో నేరుగా మాట్లాడటం ఆ ఇంట్లో లేదు. ఏది కావాలన్నా అత్త ద్వారా చెప్పుకోవాలి. ఆయన పెరట్లోకి వస్తున్న చప్పుడైతే, బియ్యం ఏరుకుంటూ కూర్చున్నా లేచి నిలబడాలి, లేవలేకపోతే కాళ్లయినా చీర కింద ముడుచుకోవాలి. ఏ క్యాంపులోనైనా కోడళ్లందరికీ అంతే, పుట్టింట్లో వదినలు కూడా అలాగే చేస్తారు. ఎవరూ నేర్పకుండానే కాళ్లు వాటంతట అవి ముడుచుకుంటాయి.

ఇంట్లోకి వెళ్లి నిద్రలో ఉన్న పాపను ఎత్తుకొచ్చి అత్త చేతుల్లో పెట్టింది. ఏమిటే అని అత్త అడిగే లోపలే పెరట్లోకి వచ్చి, బాత్‌రూములోకి నడిచి, కమోడ్ పెట్టే మూలకు ఇవతల ఇసుక మీద కూర్చుంది. చీర మోకాళ్ల దాకా లాక్కుంది. కాళ్లు రెండూ దగ్గరగా చేర్చి ముందుకు చాపింది. మడమలు ఇటుకల వరసకు తగిలి ఆగిపోయాయి. మోకాళ్లు పూర్తిగా సాగలేదు. పైకి లేచి కొండల్లాగా నిలబడ్డాయి. నిన్న దెబ్బ తగిలిన చోట నల్లగా కమిలి ఉంది.

"మేస్త్రీ" అంది. "పిల్లకి నీళ్లు పొయ్యాలంటే ఇట్టా కూర్చోవాలి. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో నువ్వే చెప్పు."

యంకప్ప తాపీ గాల్లోనే ఉంది. అతను ఆమె కాళ్ల వైపు చూడకూడదని పక్క గోడ వైపు చూశాడు, తర్వాత శేషయ్య వైపు చూశాడు. హులిగెమ్మ తట్ట దించి నిలబడింది. శేషయ్య కుర్చీలో కదిలాడు. కోడలి వైపు ఒకసారి చూసి, వెంటనే చూపు తిప్పి, పాకలో గేదె వైపు చూశాడు. భుజం మీద తువ్వాలు తీసి, దులిపి, మళ్లీ వేసుకుని, లేచి వీధి వైపు వెళ్లిపోయాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయాడు.

వాణి కళ్లకు ఎదురుగా ఉన్న చేపల టైలు తప్ప ఏమీ కనబడటం లేదు. కాళ్లు ముడుచుకోవాలనిపించింది. రెండు అరచేతులూ తొడల మీద ఆనించి వాటిని అలాగే ఉంచింది.

రాజ్యలక్ష్మి పాపను భుజాన వేసుకుని వచ్చింది. "లే ముందు. మావయ్య ముందా ఆ కూర్చోవడం? లే" అంది. వాణి లేవలేదు. రాజ్యలక్ష్మి కోడలి మోకాళ్ల వైపు చూసింది. ఇటుకలకు ఆనిన మడమల వైపు, వాటికి అంటిన పచ్చి సిమెంటు వైపు చూసింది. పాపను ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. యంకప్ప టీ గ్లాసు తీసుకుని, తాగకుండా పట్టుకున్నాడు.

"కాగు ఎక్కడ పెడతావు?" అంది రాజ్యలక్ష్మి.

వాణికి అర్థం కాలేదు.

"వేన్నీళ్ల కాగే. చన్నీళ్ల బక్కెట్టు. కూర్చున్న చోటి నుంచి చేతికి అందాలా వద్దా? కుడిపక్క జాగా ఏదీ? అటు జరుగు."

వాణి జరిగింది.

"మేము ఈ క్యాంపుకి వచ్చిన కొత్తలో మీ ఆయనకి కాలవ గట్టు మీద పోసేదాన్ని" అంది రాజ్యలక్ష్మి, ఎవరితోనో చెబుతున్నట్టు, నేల చూస్తూ. "రోడ్డున లారీ పోయినప్పుడల్లా కాళ్లు ముడుచుకోవడం, మళ్లీ చాపుకోవడం. సబ్బు కళ్లల్లో పడి వాడు ఒకటే ఏడుపు." తర్వాత యంకప్ప వైపు తిరిగింది. "ఏమయ్యా, ఎవరికోసం చూస్తావు? ఆ ఇటుకలు తియ్యి. దీని కాళ్లు పూర్తిగా చాపనిచ్చి, ఇంకో జానెడు అవతల గీత గియ్యి. పిల్ల ఎదగదా?"

"మరి ధణి..."

"ధణికి నేను చెప్తా."

హులిగెమ్మ అప్పటికే వంగి మొదటి ఇటుక ఊడబెరికింది. పచ్చి సిమెంటు చప్పుడు చేసి విడిచింది. మడమల ముందు నుంచి ఒక్కొక్క ఇటుకా పోతుంటే వాణి కాళ్లు కొద్దికొద్దిగా ముందుకు జరిగాయి. మోకాళ్లు కిందికి దిగాయి. యంకప్ప ఇటుక ముక్కతో మడమల అవతల, జానెడు వదిలి, గీత గీశాడు. ఆ గీతకూ గోడకూ మధ్య ఇక టబ్బు పట్టే చోటు లేదు. ఇప్పుడు లే అని అత్త చెయ్యి ఇచ్చింది. ఆ చెయ్యి పట్టుకుంటే ఆవిడే పడేలా ఉంది. వాణి గోడ పట్టుకుని లేచింది. హులిగెమ్మ ఇటుకలకు అంటిన సిమెంటు గీకి, నీళ్లలో కడిగి, ఎండలో పేర్చింది. సిమెంటు పాడైపోకుండా యంకప్ప దాన్ని గడప కిందికి వాడేశాడు.

రమేష్‌బాబు పైపులతో వచ్చి గొడవ చేశాడు. అరుగు ఎవరు తీయించారని అడిగితే వాణి నేనే అంది. రాజ్యలక్ష్మి లోపలి నుంచి నేను తియ్యమన్నాను అంది. అతను తండ్రి ఏమంటాడోనని చూశాడు. శేషయ్య అన్నం తింటూ పప్పులో ఉప్పు తక్కువైందని మాత్రం అన్నాడు. అది కూడా పెళ్లానికి చెప్పాడు. ఆ రోజు నుంచి ఆయన కోడలి వైపు చూడటం మానేశాడు. పాపను ఎత్తుకోవాలంటే పాపను తెమ్మను అని భార్యతో అనేవాడు. వాణి మజ్జిగ గ్లాసు పెడితే, ఆమె పక్కకు వెళ్లిందాకా ముట్టుకునేవాడు కాదు. ఇదివరకు కూడా పెద్దగా మాట్లాడింది లేదు గానీ, ఈ మాట్లాడకపోవడం వేరుగా ఉండేది. గీతను తుడిచేసి మళ్లీ ఇటుకలు పెట్టమంటే ఎలాగా అని, వాణి రోజూ పొద్దున్నే లేవగానే ముందు బాత్‌రూములోకి తొంగి చూసేది.

టబ్బు వాకిట్లోనే ఉండిపోయింది. ఒకరోజు ఎవరో పిల్లాడు అందులో పడుకుంటే, ఇంకోరోజు ఒక కోడి నిలబడింది. హరిబాబు వచ్చి, ఏం బాబాయ్, ఇంకా లోపల పెట్టించలేదా అని అడిగాడు. వాణి వంటింట్లో నుంచి వింటూ గరిటె ఆపింది. శేషయ్య నోట్లో చుట్ట ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చాడు.

"అది బాత్‌రూముకని ఎవడన్నాడు? విత్తనాలు నానెయ్యడానికి తెచ్చాం. కాలవ వదిలితే చూడు, బస్తాలు బస్తాలు నానతాయి."

హరిబాబు నవ్వాడు. ఆ సాయంత్రం శేషయ్యే ఇద్దరిని పిలిచి టబ్బును మోయించి, వడ్ల గది పక్కన గోడకు ఆనించి పెట్టించాడు.

నేలకు బూడిదరంగూ ఎర్రమట్టి రంగూ కలిపి వేశారు. ఏ వరసకూ పొంతన లేదు. గోడల మీద గులాబీలు సగానికి వచ్చి ఆగిపోయి అక్కడి నుంచి చేపలు మొదలయ్యాయి. బేసిన్ పెట్టగా పెద్దగా చోటు మిగల్లేదు గానీ, కమోడ్‌కూ ఎదురుగోడకూ మధ్య నేల ఖాళీగా, పొడుగ్గా ఉంది. యంకప్ప నీళ్లు పోసి వాలు చూపించాడు. నీళ్లు ఎక్కడా ఆగకుండా తూముకు పోయాయి. తలుపు బిగించి, గడియ వేసి తీసి, కూలి తీసుకుని ఇద్దరూ వెళ్లారు. హులిగెమ్మ వెళ్తూ వెళ్తూ లోపలికి ఒకసారి తొంగి చూసి, పాప బుగ్గ గిల్లింది.

సిమెంటు ఆరాక ఒక పొద్దున వాణి కాగు లోపలికి తెచ్చుకుంది. గడియ వేసింది. గాలి ఆగిపోయింది. ఎక్కడి నుంచో వస్తుందేమోనని తలుపు కింద చెయ్యి పెట్టి చూసింది. పీట వాల్చుకుని, కాళ్లు చాపి, పాపను వేసుకుంది. కాగు కుడిపక్క, బక్కెట్టు దాని పక్కన, రెండూ చేతికి అందాయి. మడమల అవతల ఇంకా జానెడు నేల ఉంది. తడిసిన టైలు చల్లగా కాలిని పట్టుకుంది. ఆవిరి గోడల మీద పట్టి, గులాబీలు మసకబారాయి. నీళ్ల చప్పుడు నాలుగు గోడల మధ్య కొత్తగా వినపడేసరికి పాప కాళ్లు తన్నడం ఆపి, పైకి చూసింది.

వీపు రుద్దడం అయింది. తిప్పి వెల్లకిలా వేసుకుంటుంటే బయట దగ్గు వినిపించింది. మామగారి దగ్గు. తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. పొద్దున్నే స్నానం ముందు ఆయనదే. ఆ దగ్గు వింటే వాణి ఎప్పుడూ సగంలో లేచి, తడిబట్టలతోనే పక్కకు తప్పుకునేది. ఇప్పుడూ చెయ్యి ఆగింది. కాళ్లు ముడుచుకోబోయాయి. వాటి మీద పాప వెచ్చగా, బరువుగా ఉంది, జుట్టుకు ఇంకా నూనె ఉంది. ఇప్పుడు ఎత్తుకుని తలుపు తీస్తే గాలి సూటిగా దీని తడి తల మీదే కొడుతుంది.

మళ్లీ దగ్గు.

"ఇంకా తల రుద్దాలండి మావయ్యగారూ" అంది వాణి లోపల నుంచే.

తర్వాత చెప్పులు రెండడుగులు వెనక్కి నడిచాయి. పాక కింద నులక మంచం కిర్రుమని, మనిషి కూర్చున్న చప్పుడైంది.

వాణి పాప నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి, చెంబు కాగులో ముంచింది.